ఎడమకి ఎరుపు

సింధియా టీకొట్టు బల్ల మీద పోలిరాజు డబ్బా తెరిచాడు.
నల్ల స్పాంజిలో మూడు జతల ఇత్తడి మూతులు,
నువ్వుగింజ కంటే పెద్దవి, శనగగింజ కంటే చిన్నవి,
లోపల దోమరెక్కంత జాలీ.
నలుపొక జత, పసుపొక జత, ఎరుపొక జత.
"మూతి మారిస్తే గొంతు మారిపోతాది మావా,
నీకేది నప్పితే అదెట్టుకో."
వాడు కొని నెల తిరగలేదు.
ఇంకోదాని మీద మనసు పోయి
ఇది నాకు సగం ధరకి అంటగట్టాడు.

ఇరవై రెండేళ్లు ఓడ కడుపులో కూచుని
వెల్డు గీతల మీద గ్రైండరు పట్టినవాణ్ణి.
ఇంత చిన్న మర నా వేళ్లకి ఆనదు.
మంచం మీద తెల్లతువ్వాలు పరిచి
పైడమ్మే బిగించింది, మగ్గం వర్కు చేసే చెయ్యి,
పూసల్ని పలకరించినట్టు పలకరించి.

వినడానికి నా దగ్గర సరుకొక్కటే:
ఎవరో మంచి మైకులు పెట్టి పట్టిన జముకుల కథ.

ముందు నలుపు.
జముకు వచ్చి గుమ్మానికి అడ్డంగా కూచుంది.
తీగ లాగినప్పుడల్లా దాని పొట్ట ఉబ్బి నా పొట్టకి తగిలింది.
కథ చెప్పే మనిషి ఎక్కడో వెనకాల, దుప్పటి ముసుగేసుకుని.
బాగుంది. అన్నం తిన్నంత బాగుంది.
కానీ కథలో రాజు బతికాడో చచ్చాడో తెలీలేదు.

పసుపుకి అందరూ ఎవరి చోట్లో వాళ్లు నిలబడ్డారు,
రేషన్ కార్డు ఫొటోలోలాగ.

ఎరుపు పెట్టగానే కుడిచెవిలో సూది.
ఆమె 'స' అన్న ప్రతిసారీ
ఫిషింగ్ హార్బర్‌లో వంజరం మీద పొలుసు గీకినట్టు.
తీసి పారేద్దామనుకున్నాను.
అంతలో ఎడమచెవిలో, ఎప్పుడో గ్రైండరుకి రాసిచ్చేసిన చెవిలో,
తాళం కొట్టాక మిగిలే సన్నటి మెరుపు.
వంత పాడే మనిషి పాటకి ముందు ఊపిరి తీసుకోవడం.

ఆ వైపు ప్లగ్గు ఎప్పుడూ జారిపోయేది.
కేజీహెచ్‌లో డాక్టరు కాగితం చూపించాడొకసారి:
గీత కొంతదూరం చదునుగా నడిచి
యారాడ కొండ దిగినట్టు దిగిపోయింది.
ఆ కాగితం బీరువాలో కరెంటు బిల్లుల కింద ఉంది.

"కుడికి పసుపు పెట్టు. ఎడమకి ఎరుపు ఉంచు."
"కాలికో రకం జోడేసుకున్నట్టు, ఏటిది?"
అంటూనే మార్చింది.

అప్పుడు కథ చెప్పే మనిషి
పక్కపక్కల నుంచి తప్పుకుని, జరిగి జరిగి,
సరిగ్గా నా కనుబొమ్మల నడుమకి వచ్చి నిలబడింది.
జముకు ఆమె కుడిచంకలో ఉంది. గజ్జెలు నేల మీద ఉన్నాయి.
గజ్జె గజ్జెకీ మధ్య ఖాళీ ఉంది.
రాజు చచ్చిపోయాడు. ఆమె గొంతు బొంగురుపోయింది,
ఆ బొంగురులో గరుకు, కొత్త ఎమెరీ కాగితంలా,
వేలితో తడిమినట్టు తెలిసింది.

పైడమ్మ లాక్కుని తన చెవుల్లో పెట్టుకుంది.
రెండు నిమిషాలు. మొహం ముడిచింది.
"ఒకేపు ఒరిగిపోతంది. ఎడం పక్కంతా గుచ్చుతంది."
తీసి, ఎర్ర మూతిని గోటి మీద నిలబెట్టి
చాలాసేపు చూసింది.
దాని పొడుగు, జాలీ,
తర్వాత నన్ను.

"ఇంత ఎక్కువ పెడితేగాని
నీకు సమంగా రాదా?"

నేనేమీ అనలేదు.
మా మంచానికి కుడిపక్క గోడ.
పెళ్లయిన దగ్గర్నుంచీ ఆమె ఎడమపక్కే పడుకుంటుంది.
లైటు తీశాక ఏవో చెప్తుంది.
నేను 'ఊఁ' అంటాను.

హార్బర్లో ఏదో ఓడ కూసింది.
లావుపాటి కూత, అది రెండు చెవుల్లోకీ
ఒక్కలాగే వచ్చింది, ఏ మూతీ అక్కర్లేకుండా.

తలగడ తీసుకెళ్లి కాళ్లవైపు పెట్టి
తలకిందులుగా పడుకున్నాను.
ఇప్పుడు ఆమె నా కుడివైపు, కాకపోతే పాదాలు.
నవ్వింది. తనూ తలగడ తిప్పుకుంది.

"అప్పుడేం చెప్పావో మళ్లీ చెప్పు," అన్నాను.

"అన్నీయా?" అంది.